అమ్మ ఫ్రెంచి కాయితం

ఆ కాయితం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మ యానాంలో, ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో పుట్టింది. పుట్టిన రికార్డు వాళ్ల భాషలోనే ఉంది. అందులో ఏం రాసుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అయినా అమ్మకు అదంటే మహా గొప్ప. ఈ పరాయి దేశానికొచ్చాక కూడా, గిరావీన్‌లో మా ఇంటికి ఏ తెలుగు ఆంటీ వచ్చినా, "మాది ఫ్రెంచి కాయితమండీ, మీ అందర్లాంటిది కాదు" అని తీసి చూపించేది.

అమ్మ మా దగ్గరే ఉండిపోవడానికి వీసా పెట్టాం. ఆ రికార్డుకు ఇంగ్లీషు అనువాదం జతచేయమన్నారు. గడువు చివరి రోజున లంచ్ టైములో అనువాదకురాలి దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ ఫ్రెంచి మనిషి. ఎన్నెన్ని దేశాల్లో తమది అధికార భాషో చెప్పుకొచ్చింది. ఇక్కడికి దగ్గర్లోని న్యూ కాలెడోనియా దీవుల్లో కూడానట. సరేలేమ్మా అనుకుంటూ ఆవిడ చేతికిచ్చిన ఇంగ్లీషు కాయితం చదివాను.

తండ్రి పేరు లేదు. "పెళ్లి కాని స్త్రీకి పుట్టిన ఆడపిల్ల" అని ఉంది.

పెళ్లి మునిసిపాలిటీ పుస్తకంలోకి ఎక్కి ఉండదు, అందుకే గుమాస్తా అలా రాసుంటాడు అంది ఆవిడ. మా అమ్మమ్మా తాతయ్యా ఊరందరి ముందూ పందిట్లో పెళ్లి చేసుకున్నవాళ్లు! ఆ ముక్క తీసెయ్యమన్నాను. అధికారిక పత్రం, ఒక్క మాట కూడా మార్చకూడదంది. అధికారికమట, ఎవరికి? మా వాళ్లలో ఒక్కరికీ రాని భాషలో అమ్మమ్మ పరువు తీసి, సీలు కొట్టి చేతికిచ్చారు. దాన్ని మేం ఇన్నేళ్లూ పట్టుచీరల మధ్య దాచుకున్నాం. ఛీ, మా బతుకు!

ఆఫీసుకొచ్చి, పళ్లు కొరుక్కుంటూ రెండు కాయితాలూ వీసా దరఖాస్తుకు అప్‌లోడ్ చేసేశాను.

సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే, "ఏంటే, ఏం రాశారంట నా కాయితంలో?" అంది అమ్మ. అబద్ధమాడదామంటే నోరు రాలేదు. చెప్పేశాను.

"అది ఇయ్యకపోతే నాకు వీసా రాదా?"

"రాదమ్మా."

"రాకపోతే మానె. యానాం ఎళ్లిపోతాను. మా అమ్మని అంత మాటన్న కాయితం నువ్వెవరికీ ఇయ్యకు. ఇయ్యనని నా మీద ఒట్టెయ్."

అమ్మ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను.