నల్లచొక్కా వేసుకుని పాటకు బయలుదేరితే

తోటలో మామిడి పూతకు మందు కొట్టే పని నాన్నకు అప్పజెప్పి, ఈ సాయంత్రం చాట్రాయి నుంచి నూజివీడు వెళ్లాను. అక్కడొక చిన్న క్లబ్బులో మా క్లాస్‌మేట్ స్టెల్లా బ్యాండు పాడుతోంది. గోత్ సంగీతం అంటారు. నల్లబట్టలు, మసక దీపాలు, దిగులు పాటలు. వాటిలో ఆఖరిది నేను రాసింది. నా మాటల్ని ఒకరు పాడగా వినడం ఇదే మొదటిసారి అవుతుందని, నేనూ నిలువునా నలుపు వేసుకుని, మెడకు మఫ్లర్ చుట్టుకున్నాను.

క్లబ్బు సందులో ఒక పెద్దావిడ చేతులు జోడించి ఎదురొచ్చారు. వాళ్లింట్లో అయ్యప్ప పూజ.

"స్వామీ, అల్పాహారం చేసి వెళ్లాలి."

"పాటల ప్రోగ్రాంకి వెళ్తున్నానండీ."

"భజనేగా! తిని పాడండి, గొంతు లేస్తుంది. బూట్లేంటి స్వామీ, మాల వెయ్యడం మొదటిసారా?"

నేను స్వామిని కాదని చెప్పేలోగా బూట్లు విప్పించి కాళ్లమీద నీళ్లు పోశారు. లేవబోయిన ప్రతిసారీ మళ్లీ వడ్డించారు.

క్లబ్బుకు చేరేసరికి స్టెల్లా వైర్లు చుడుతోంది.

"ఎక్కడ చచ్చావురా? నీ పాటకి హాలంతా ఊపిరి బిగబట్టింది."

"ఉప్మా తింటున్నా."

తను నవ్వలేదు. ఫోన్లు బయటికి తీయొద్దని ముందే చెప్పడంతో ఎవరూ రికార్డు చేయలేదట.

ఆ పాట దేని గురించంటే, లోపలికి రా, తిని వెళ్లు అని పిలిచే మనిషే లేని ఊరి గురించి.

ఉప్మా చాలా బాగుంది. పాట ఎలా ఉందో, విన్నవాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి.