మెరుపంటే పడని బావ

మా బావ గణపతిరావుకి లోకంలో పడనిది ఒక్కటే, మెరుపు. ఆకాశంలో మెరిసేది కాదు, ఫోటోలో మెరిసేది. ఎవరి ఫోటో చూపించినా ముందు మనిషిని చూడడు, ఎక్కడ మెరిసిందో చూస్తాడు. మా వర్తక సంఘం గ్రూపు ఫోటో తీసిన రోజున అందరం వరసల్లో నిలబడి ఊపిరి బిగబట్టి ఉండగా, బావ జేబులోంచి పౌడరు డబ్బా తీసి అధ్యక్షులవారి బట్టతల మీద అద్దేడు. ఆయన ఆ తరవాత బావతో మాట్లాడ్డం మానేసేరు. బావ ఏమీ నొచ్చుకోలేదు. ఫోటో మటుకు బాగా వచ్చిందన్నాడు.

ఇలాంటి మనిషి ఏ బొగ్గుల కొట్టో పెట్టుకుంటే ఊరు సుఖంగా ఉండేది. ఒడిశాలో మా గుణుపురం మెయిన్‌రోడ్డు మీద ఇత్తడి సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. దాని పక్కది నా బట్టల కొట్టు. ఆయన భార్య భారతీదేవి నాకు సొంత అక్క. కాబట్టి పారిపోవడానికి నాకు దారి లేదు.

ఒకప్పుడు మామూలు మనిషే. పట్నాల్లో పెద్ద హోటళ్ళవాళ్ళు పాత ఇత్తడి సామాన్లు కొని అలంకారానికి పెట్టుకుంటున్నారని ఎవరో చెప్పేరు. బావ వెంటనే ఒక బిందెని ఫోన్లో ఫోటో తీసి వర్తకుల వాట్సాప్ గ్రూపులో పెట్టేడు. బిందె బాగానే ఉంది. బిందె పొట్టలో బావ కూడా ఉన్నాడు, లుంగీ ఎగ్గట్టి, ఒంటి మీద బనీనైనా లేకుండా. రాయగడ నుంచి జయపురం దాకా ఉన్న తెలుగు వర్తకులందరూ ఆ పూట బేరాలు మానుకుని నవ్వేరు. ఒకాయనైతే లోపలున్న రెండో బిందె ధరెంతని మర్యాదగా అడిగేడు.

ఇంకొకరైతే చొక్కా తొడుక్కుని మళ్ళీ తీసుకునేవారు. మా బావ డేరా కట్టేడు.

"మెరిసే వస్తువు అద్దంలాటిదిరా సూర్యారావూ," అని నాకు బోధించేడు. "సుట్టూ ఏటుంటే అదే సూపిస్తాది. సుట్టూ తెల్లగా ఉంటే తెలుపే సూపిస్తాది, మనం కనబడం."

బావ కనబడకుండా పోవడమనే ఆలోచన నాకూ నచ్చింది. ఫ్రిజ్జు వచ్చిన అట్టపెట్టె తెచ్చి, పైనా పక్కలా కిటికీలు కోసి, వాటికి పల్చటి తెల్లగుడ్డ అంటించేడు. ఆ గుడ్డ ఎవరి కొట్లోదో మీకు చెప్పక్కర్లేదు. గుడ్డ బయట లైట్లు పెట్టేడు. లోపల మూల కనబడకుండా తెల్ల చార్టు కాగితం వంచి పరిచేడు. ఎదురుగా కూడా గుడ్డ వేలాడదీసి, దానికి చిన్న చిల్లు పెట్టి, అందులోంచి ఫోన్ కన్ను మాత్రం దూర్చి ఫోటో తీసేడు. ఈసారి బావ కనబడలేదు. లైట్లు కనబడ్డాయి, బిందెకి రెండు కళ్ళొచ్చినట్టు. గుడ్డ ఇంకో పొర వేసేడు. కళ్ళు పోయేయి గానీ బిందె అంచులు కూడా ఆ తెలుపులో కలిసిపోయి, ఒలిచిన కోడిగుడ్డులా తయారైంది. అప్పుడు రెండు పక్కలా నల్లకాగితం ముక్కలు నిలబెట్టేడు, అంచు తెలియడానికి. ఆ ముక్కల్ని రోజూ కాస్త ముందుకీ కాస్త వెనక్కీ జరపడమే ఆయన వృత్తి అయిపోయింది. ఇత్తడి వ్యాపారం తీరిక దొరికితే చేసేవాడు.

పెద్ద సామాన్లు పట్టడం లేదని అట్టపెట్టె పోయి వెదురుకర్రలొచ్చేయి. కొట్టు వెనక సగం తెల్లటి డేరా అయిపోయింది. ఓటు వెయ్యడానికేమో అనుకుని ఒకాయన లైన్లో నిలబడ్డాడు. లోపల అమ్మవారుందని ఒక ముసలావిడ చెప్పులిప్పి దణ్ణం పెట్టింది. మా అక్క మంచం మీది దుప్పటీ, దోమతెరా, చివరికి కొత్త తెల్ల చీర కూడా డేరాలో కలిసిపోయేయి. నా ఇంట్లో తెలుపన్నది నా జుట్టులోనే మిగిలిందిరా అని అక్క వాపోయింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. బావ ఒక నియమం పెట్టుకున్నాడు. కరిగించడానికి జనం అమ్మేసే పాత సామాను ఏదైనా సరే, సరైన ఫోటో తియ్యకుండా కొట్టు గడప దాటకూడదు. ఆ పాత సామాను పట్టుకెళ్ళడానికి జయపురం నుంచి సౌమ్యరంజన్ అనే ఒడియా వ్యాపారి వ్యానేసుకుని వచ్చేవాడు. మా అందరికంటే మంచి తెలుగు మాట్లాడతాడు, మహా ఓపిక గలవాడు. ఆ ఓపికకి పరీక్ష పెట్టినవాడు మా బావ.

అలా ఉండగా ఊరి అవతల పల్లెనించి అప్పమ్మ అనే రైతు ముసలమ్మ, ఇద్దరు కొడుకులూ ఆటోలో ఒక గంగాళం తెచ్చేరు. మనిషి కూర్చుని స్నానం చెయ్యగలిగినంత గంగాళం. అన్నదమ్ములు సత్తిబాబూ, జగనూ వేరుపడ్డారు. పొలం పంచుకున్నారు, పశువుల్ని పంచుకున్నారు. గంగాళం దగ్గర పేచీ వచ్చింది. అన్నకిస్తే తమ్ముడు ఊరుకోడు, తమ్ముడికిస్తే అన్న గడప తొక్కడు. అందుకని ఎవరికీ లేకుండా అమ్మేసి డబ్బు పంచుకుందామని, ఆ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఏకమయ్యేరు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా డబ్బు తీసుకుని, చెరో దారినా బయటికి నడిచేరు.

అప్పమ్మ మాత్రం గంగాళం పక్కన కాస్సేపు నిలబడింది. అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరుంది, పైడమ్మ అని. వాళ్ళమ్మ పేరట. దాన్ని బొటనవేలితో తడిమి, బావతో ఇలా అంది.

"సింతపండెట్టి తోమించండి బాబూ. పౌడరెట్టి తోమితే మాయమ్మ పేరు అరిగిపోద్ది."

రేపో మాపో కొలిమిలో పడబోయే దానికి ఈ జాగ్రత్తేమిటని నాకు నవ్వొచ్చింది. బావ నవ్వలేదు. అలాగేనమ్మా అన్నాడు.

ఆ తరవాత బావ డేరాలోంచి బయటికి రావడమే తగ్గించేసేడు. సౌమ్యరంజన్ వచ్చి గంగాళం అడిగితే ఫోటో అవలేదన్నాడు. మళ్ళీ వచ్చినప్పుడూ అదే మాట.

"పోయినసారీ ఇదే చెప్పేరు కదా ఆజ్ఞా," అన్నాడు సౌమ్యరంజన్. ఒడియావాళ్ళ మర్యాద అది, అయ్యా అన్నట్టు.

"పోయినసారి మెరుపుంది. ఈసారి నీడుంది," అన్నాడు బావ.

ఆ పైసారి కరెంటు లేదు. దాని పైసారి కరెంటు మరీ ఎక్కువుంది. నేనైతే కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ ఈ వేడుక చెప్పి నవ్వించేవాణ్ణి. ఒక గంగాళం ఫోటో తియ్యడానికి పట్టినంత కాలంలో గంగాళాలు చెయ్యడమే నేర్చుకోవచ్చని నా పరిహాసం.

ఒకనాడు జగన్ ఒక్కడూ వచ్చేడు. ఏదో గరిటె బేరమాడి, వెళ్తూ వెళ్తూ గంగాళం కరిగించేసేరా అని నేల చూపులు చూస్తూ అడిగేడు. లేదు, ఫోటో కుదరలేదన్నాడు బావ. జగన్ మొహం వెలిగింది. డబ్బు వెనక్కిచ్చేస్తాను, పట్టుకుపోతానన్నాడు.

"ఇద్దరూ కలిసి అమ్మేరు. ఇద్దరూ కలిసొస్తే ఇస్తాను," అని బావ డేరాలో దూరిపోయేడు.

కొన్నాళ్ళకి సత్తిబాబు వచ్చేడు, తమ్ముడు వచ్చిన సంగతి తెలీకుండా. అతనూ గరిటే బేరమాడేడు. అమ్మ సరిగా తినడం లేదని మెల్లిగా చెప్పేడు. బావ అదే జవాబిచ్చి అదే డేరాలో దూరేడు. నాకు ఒళ్ళు మండింది. కొనడానికి వచ్చినవాణ్ణి పొమ్మనే వ్యాపారి భూప్రపంచంలో ఈయనొక్కడే అనుకున్నాను.

సంత రోజున మా కొట్టు ముందు ఒక మోటారు సైకిలు ఆగింది. ముందు సత్తిబాబు, వెనక జగన్, ఇద్దరి మధ్యా ఇరుక్కుని అప్పమ్మ. అన్నదమ్ములు దార్లో మాట్లాడుకున్నారో, దెబ్బలాడుకున్నారో తెలీదు. ఇద్దరి గొంతులూ బొంగురుపోయి ఉన్నాయి. గంగాళం అమ్మదే, అమ్మ ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో ఉంటుందని తేల్చుకున్నామన్నారు. బావ తానిచ్చిన డబ్బు మాత్రమే వెనక్కి తీసుకున్నాడు. గంగాళం చింతపండుతో తోమి, పేరు చెక్కు చెదరకుండా సిద్ధంగా ఉంది.

అప్పమ్మ దాన్ని అటూ ఇటూ చూసి, "ఇంతకీ ఫోటో కుదిరిందా బాబూ?" అంది.

"కుదరలేదమ్మా. దీనికి ఫోటో యోగం లేదు," అన్నాడు బావ. ఆవిడ ఆయన వంక జాలిగా చూసి, పోన్లే బాబూ, నేర్చుకుంటావులే అని ధైర్యం చెప్పి, గంగాళం కోసం పిలిచిన ఆటో ఎక్కింది.

వాళ్ళు వెళ్ళేక నేను అక్క దగ్గర బావ తెలివిని మెచ్చుకోవడం మొదలెట్టేను. ఇన్నాళ్ళు కూర్చుని ఒక్క ఫోటో తియ్యలేకపోయేడంటే ఎంత ప్రతిభ కావాలన్నాను. అక్క బావ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. గంగాళం తెల్లటి వెలుగులో వెన్నెల్లో కూర్చున్నట్టుంది. మెరుపు లేదు, నీడ లేదు. పైడమ్మ పేరు చుక్క చుక్కా లెక్కపెట్టుకోవచ్చు.

"వచ్చిన రోజునే తీసేరు," అంది అక్క. "ఆ మూలనున్న చెంబులూ, పళ్ళేలూ, కుందులూ... అన్నీ ఇలాగే ఫోటో కుదరక ఆగిపోయినవేరా. కోపంలో అమ్మినవాళ్ళు సల్లారేక ఒస్తారంట. ఒకళ్ళిద్దరు రారు. వాళ్ళవే పాపం ఆ జయపురం బాబుకి."

నేను డేరా వైపు చూసేను. లోపల బావ నల్లకాగితం ముక్కని ముందుకి జరుపుతున్నాడు.

ఆ మధ్యాహ్నమే సౌమ్యరంజన్ వచ్చేడు. గంగాళం లేదు, ఇచ్చింది రెండు సొట్ట గ్లాసులు. వ్యానెక్కబోతూ నా కొట్లోకొచ్చి కూర్చుని, మీ బావగారు మంచివారే గానీ ఈ ఫోటోల పిచ్చి ముదురుతోంది, ఒకసారి విశాఖపట్నం తీసికెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించకూడదా అని నెమ్మదిగా అడిగేడు.

నేను అతనికి టీ తెప్పించి, "సూపించేమండి," అన్నాను. "తగ్గేది కాదన్నారు."