తర్వాత వచ్చేవాళ్ళ కోసం

మునెప్పకు తన ఇంట్లో బాడుగకు ఉన్నవాళ్ళ మీద కంటే, వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళాక రాబోయేవాళ్ళ మీదే ప్రేమ ఎక్కువ. ఆ రాబోయేవాళ్ళెవరో ఆయనకు తెలియదు. ఏ ఊరివాళ్ళో, ఎప్పుడొస్తారో, అసలు వస్తారో రారో కూడా తెలియదు. అయినా వాళ్ళ కోసం గోడలకు రంగులు కొట్టేవాడు, కొళాయిలు మార్చేవాడు, మేకులు దించేవాడు. ఆ మేకులు దించే చోట అప్పటికే ఒక సంసారం నడుస్తోందన్న సంగతి ఆయన పెద్దగా పట్టించుకునేవాడు కాదు.

మదనపల్లెలో మునెప్ప ఇంటి మేడ మీద కాపురానికి దిగిన అంబికకు ఈ సంగతి మొదటి వారంలోనే తెలిసింది. ఆమె పప్పుకు తిరగమోత పెడుతుంటే, మునెప్ప నిచ్చెన భుజాన వేసుకుని నేరుగా వంటింట్లోకి వచ్చాడు.

"ఏందప్పా ఇది?"

"లైటు మారుస్తాండానమ్మా. ఈడ సీకటిగా ఉండాది. ఇల్లు సూసేదానికి వచ్చేవాళ్ళు మొదట సూసేది వంటిల్లే."

"ఇల్లు సూసేదానికి ఎవరొస్తాండారు? మేము దిగి వారం కూడా కాలేదు గదా!"

"ఇప్పుడు గాదమ్మా. మీరు పోయినాక."

"మేము యాల పోతాం?"

"నేనేం పొమ్మనలేదే! ఎప్పుడన్నా పోతారు గదా. తరవాత వచ్చేవాళ్ళ కోసరం."

మునెప్ప ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళు టమోటా మార్కెట్లో మండీ నడిపిన మనిషి. క్రేటులో పైవరస కాయలు ఎర్రగా నవనవలాడుతుంటే అడుగువరస సంగతి ఎవరూ అడగరన్నది ఆయన నేర్చుకున్న విద్య. ఇంటికీ అదే విద్య వాడాడు. తక్కువ ఖర్చు, ఎక్కువ కళ. కొత్త రంగు డబ్బా కొనడం ఆయన దృష్టిలో పాపం. పుంగనూరులో గోపాలస్వామి అనే స్నేహితుడికి హార్డ్‌వేర్ అంగడి ఉండేది. అక్కడ అమ్ముడుపోకుండా అడుగున మిగిలిన డబ్బాలన్నీ బస్సెక్కి మదనపల్లెకు వచ్చేవి. అందుకే హాలు కల్యాణమండపంలా గులాబీ రంగు, పడకగది సర్కారు బడిలా నీలం, వరండా బ్యాంకు గోడలా పసుపు.

"ఇంట్లో కూర్చోనే ఊరంతా తిరిగొచ్చినట్టుండాది" అనేవాడు అంబిక భర్త ఉదయ్ కిరణ్. అతను కుప్పం దగ్గర గ్రానైట్ కంపెనీలో సూపర్వైజరు. వారమంతా అక్కడే ఉండి ఆదివారం ఇంటికొచ్చేవాడు కాబట్టి అతనికి నవ్వొచ్చేది. రోజూ ఉండే అంబికకు ఒళ్ళు మండేది.

అంబిక మనిషి ఆరడుగులకు కాస్త తక్కువ. వంటగట్టు ముందు వంగి వంగి నడుం పట్టేస్తోందని ఒకసారి మేడమీద బట్టలు ఆరేస్తూ, తమతోనే ఉండే అత్తతో అంది. రెండు రోజులకు మునెప్ప రాతిపలకలు మోయించుకుని వచ్చాడు.

"గట్టు ఒక వరస లేపుతాండానమ్మా. తరవాత వచ్చేవాళ్ళు పొడుగోళ్ళయితే వంగలేరు పాపం."

"వాళ్ళు పొట్టోళ్ళయితే?"

"పీట వేసుకుంటారు."

ఇంకోసారి బాత్రూములో పాత నేలబేసిను పీకించి కుర్చీలా కూర్చునే కమోడు పెట్టించాడు. పుంగనూరులో ఎవరో ఇల్లు పడగొడుతుంటే చవగ్గా తెచ్చాడట. "ఇప్పుడు వచ్చేవాళ్ళంతా ఇదే అడుగుతాండారు" అన్నాడు. అంబిక అత్త మునిలక్ష్మమ్మ మోకాళ్ళు వంగక చాలాకాలంగా అవస్థ పడుతోంది. ఆమె లోపలికి వెళ్ళి, వెలిగిపోతున్న మొహంతో బయటికొచ్చి చేతులు జోడించింది.

"తరవాత వచ్చే ఆ తల్లి ఎవరో గాని, ఆమె పుణ్యాన నా మోకాళ్ళు బతికినాయి."

అత్త నవ్వేసింది గానీ అంబికకు ఆ 'తరవాత వచ్చేవాళ్ళ' మీద రానురాను కసి పెరిగింది. కంటికి కనపడని ఆ సంసారం తన వంటింట్లో వండుకుంటున్నట్టు, తన మంచం మీద పడుకుంటున్నట్టు అనిపించేది. ఈయన మనల్ని పొమ్మనలేక ఇల్లు ముస్తాబు చేస్తున్నాడని ఆమె గట్టిగా నమ్మింది.

ఒక ఆదివారం అంబిక పుట్టింటివాళ్ళు భోజనానికి వచ్చారు. అందరూ సంగటి ముద్దల ముందు కూర్చున్నారో లేదో, మునెప్ప ఎవరో ఆలుమగల్ని వెంటబెట్టుకుని లోపలికొచ్చాడు. వాళ్ళు హాలు దాటి వరండాలోకి పోయారు. తలెత్తి చూశారు, గోడ మీద జేనలు పెట్టి కొలిచారు, ఏదో గుసగుసలాడుకున్నారు.

"ఎవరప్పా వీళ్ళు?"

మునెప్పకు అలవాటైన మాటే నోటికొచ్చింది.

"అదేనమ్మా... తరవాత వచ్చేవాళ్ళ కోసరం..."

అంబిక ఎంగిలి చేత్తోనే లేచింది. "ఇంక నీకు ఆ కష్టం వద్దులేప్పా. మేమే పోతాం. వాళ్ళనే పిలుసుకో. మేము తింటాండే కంచాలు కూడా వాళ్ళకే ఇయ్యి!"

కన్నవాళ్ళ ముందు అవమానమైందని ఆమె బాధ. మునెప్ప వాళ్ళిద్దర్నీ తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ నెలలోనే అంబిక సామాను లారీకెత్తించి కుప్పం వెళ్ళిపోయింది. మునెప్ప కనపడితే మాట్లాడాల్సి వస్తుందని, ఆయన మార్కెట్టుకు వెళ్ళిన సమయం చూసి తాళంచెవి ఆయన భార్య ఈశ్వరమ్మ చేతిలో పెట్టింది.

కుప్పంలో ఇల్లు అద్దంలా ఉండేది. నేలంతా నల్ల గ్రానైట్, గోడలన్నీ ఒకే తెలుపు. ఇంటాయన బెంగుళూరులో ఉంటాడు, ఎప్పుడూ రాడు. అంబిక మొదట్లో దానికే సంబరపడింది. తర్వాత వంటింటి కొళాయి కారడం మొదలైంది. ఫోను చేస్తే "అడ్జస్ట్ చేసుకోండమ్మా" అన్నాడు ఇంటాయన. నున్నటి నేల మీద మునిలక్ష్మమ్మ రెండుసార్లు జారింది. "అడ్జస్ట్ చేసుకోండమ్మా." గట్టు పొట్టిది. నడుం మళ్ళీ పట్టేసింది. అప్పుడు గుర్తొచ్చింది అంబికకు. తన పొడుగుకు సరిపోయిన గట్టు ఈ లోకంలో ఒక్క చోటే ఉండేది.

లారీలో పట్టక వదిలేసిన కుట్టుమిషను తెచ్చుకునే సాకుతో ఆమె మదనపల్లె వెళ్ళింది. వీధి మలుపులో నిలబడి చూస్తే మేడ ఖాళీగానే ఉంది. 'ఇల్లు బాడుగకు ఇవ్వబడును' అన్న బోర్డు గ్రిల్లుకు వేలాడుతోంది గానీ, అక్షరాలు ఇంటివైపుకు ఉన్నాయి.

మెట్లెక్కుతుంటే లోపల మునెప్ప గొంతు వినిపించింది. ఇల్లు చూడటానికి కొత్త సంసారం ఒకటి వచ్చినట్టుంది.

"నీళ్ళు సరిగ్గా రావమ్మా. ఎండ ఎక్కువ. కోతులొస్తాయి."

"పోయినోళ్ళు ఎట్లుండ్రి మరి?" అడిగిందా ఇల్లాలు.

"వాళ్ళు మంచోళ్ళు. కోతులతో కూడా సర్దుకున్యారు."

"గట్టు శానా ఎత్తుగా ఉండాదే. కొంచెం తగ్గించి ఇస్తారా?"

"తగ్గించేది లేదు!" మునెప్ప గొంతు ఒక్కసారిగా పెరిగింది. "ఇష్టముంటే దిగండి, లేకుంటే లేదు!"

వాళ్ళు దిగలేదు. మెట్ల మీద అంబికను తోసేసినంత పని చేసి వెళ్ళిపోయారు. మునెప్ప ఆమెను చూసి, "మిషను దుమ్ము పట్టకుండా గుడ్డ కప్పి పెట్టినా" అని మాత్రం అని కిందికి దిగిపోయాడు.

విషయమంతా చెప్పింది, తర్వాత పైకొచ్చిన ఈశ్వరమ్మ.

"వచ్చినోళ్ళనందర్నీ ఇట్లే తరుముతాండాడు. మీరు పోయినాక ఒక మేకు కొట్టింటే ఒట్టు. మీ అమ్మోళ్ళు బువ్వకు వచ్చిన పొద్దు వచ్చినోళ్ళు ఇల్లు సూసేదానికి రాలేదమ్మా. మేస్త్రీ, ఆయన పెండ్లాము. మీ అత్త వరండాలో ఎండకు కూర్చోలేక పోతాండాదని రేకు వేసేదానికి కొలత తీసుకోను వచ్చినారు."

అంబిక మిషను మీది గుడ్డ తీయబోయి ఆగింది. "మరి మా కోసరమని యాల చెప్పలేదమ్మా?"

"నేనూ అదే అడిగినా. 'మీ కోసరమే అంటే బాడుగ పెంచుతాడేమోనని భయపడి వద్దంటారే' అంటాడు. మీకు ముందున్న పంతులమ్మ అట్లే వద్దు వద్దని ఫ్యాను లేకుండా ఎండాకాలమంతా ఉండింది. అప్పుట్నించి ఈ అబద్ధం పట్టుకున్యాడు."

ఆ మేడ మీద నాలుగేళ్ళున్నారు. బాగుందప్పా అన్న ఒక్క మాట తన నోట్లోంచి రాలేదు. తిరిగి వచ్చేద్దామా అంటే ఉదయ్ కిరణ్ ఉద్యోగం అక్కడే, ఇప్పుడు రోజూ ఇంటికొస్తున్నాడు. ఆ మేడ మీదికి ఇంక రాలేమని అంబికకు తెలుసు. కిందికి దిగి, రంగు డబ్బాల మధ్య కూర్చున్న మునెప్ప ముందు నిలబడింది.

"అప్పా, అత్తకు కాలు జారతాండాది. కొళాయి కారతాండాది. నాకు నడుం నొప్పి. కుప్పానికి ఒకసారి వచ్చి పోరాదా?"

ఆయన తలెత్తలేదు. "సూద్దాంలేమ్మా" అన్నాడు.

ఆ మరుసటి ఆదివారమే నిచ్చెన లేదన్న లోటు తప్ప అన్నీ సంచిలో పెట్టుకుని కుప్పంలో బస్సు దిగాడు. మధ్యాహ్నానికల్లా కొళాయి కారడం ఆగింది, బాత్రూములో పట్టుకునే కడ్డీ మొలిచింది. గోడకు రంధ్రం పడిన చప్పుడు పక్కింటివాళ్ళు బెంగుళూరుకు మోసినట్టున్నారు. ఇంటాయన ఫోను చేశాడు. అంబిక తడబడుతుంటే మునెప్ప ఫోను లాక్కున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? నా ఇంట్లో ఎవరి కోసం చేస్తున్నావివన్నీ?" అని అరిచాడు ఇంటాయన.

మునెప్ప నోరు తెరిచాడు. అలవాటైన మాట పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. మునిలక్ష్మమ్మ కొత్త కడ్డీ పట్టుకుని ఆయన్నే చూస్తోంది. ఉదయ్ కిరణ్ నవ్వు ఆపుకుంటున్నాడు. అంబిక కళ్ళు తుడుచుకుంటోంది.

"ఇంగెవరి కోసరమప్పా? ఈడ ఉండే నా బిడ్డ కోసరమే!" అన్నాడు గట్టిగా. వెంటనే ఏదో గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "అట్లని బాడుగ మాత్రం పెంచొద్దు సామీ."