పక్క కారులో మోగిన పాట

ఆ రోజుల్లో కారుంటే సగం గొప్ప, ఆ కారులో పాట మోగితేనే పూర్తి గొప్ప. ఖమ్మంలో ఫ్యూజు భాయ్ దగ్గర కారు స్టీరియోల పని నేర్చుకుంటూ నన్ను నేను ఇంజనీరుననుకుంటున్న కాలమది (అనుకున్నవాణ్ని నేనొక్కణ్నే). అప్పుడే పెనుబల్లి నుంచి మా మేనమామ సీడీ ఛేంజర్ పట్టుకొచ్చాడు. ఆరు సీడీలు పట్టే పెట్టె. దాన్ని డిక్కీలో బిగించి, మీటల బిళ్లను స్టీరింగ్ పక్కన పెడితే కూర్చున్నచోటి నుంచే పాట మార్చొచ్చు. మర్నాడు భద్రాచలంలో వాళ్లబ్బాయి పెళ్లి. "కారు మోగాలె అల్లుడా, లేకుంటే వియ్యంకుడి ముందు నా ఇజ్జత్ పోతది" అన్నాడు.

చిక్కేమిటంటే, పాత స్టీరియోకు ఛేంజర్ తగిలించే సాకెట్టే లేదు. "ఫికర్ లేదు, రేడియో ఏరియల్ తీగ దారిల పంపుదాం" అని భాయ్ చిన్న డబ్బా ఒకటి ఇచ్చాడు. అది సీడీ పాటను రేడియో స్టేషన్‌లా మార్చి స్టీరియోకు అందిస్తుంది. "నువ్వు జరుగు భాయ్, నేను చేస్త" అన్నాను. మ్యాట్ల కింద వైర్లు పరిచి, అన్నీ బిగించి, మామ చూస్తుండగా దర్జాగా మీట నొక్కాను. డిక్కీలో సీడీ గర్రుమంది. స్టీరియోలో ఒకటే బుస్సు. పాట మాత్రం వినిపిస్తోంది! రిపేరుకొచ్చిన పక్క కారు రేడియోలో భాయ్ స్టేషన్ వెతుకుతుంటే, అందులోంచి!

"గిదేందిరా, నా పాట వాని కారుల మోగుతుంది?" అన్నాడు మామ. భాయ్ పడీ పడీ నవ్వాడు. "బేటా, రేడియోకు పెట్టాల్సిన వైరు ఏరియల్‌కు పెట్టినవ్, పాట గాలిలకు పోతుంది. స్టేషనే తెరిచినవ్ పో!"

సిగ్గుతో వైరు పీకబోతే మామ చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు. అంటే రేపు మన ఎనక వచ్చే పెళ్లి కార్లల్ల గూడ మోగుతదా?"

"అవ్ మామా, దగ్గరగ వస్తే" అనేశాను, అదే ముందునుంచీ నా ఆలోచన అన్నట్టు. సాయంత్రం దాకా కూర్చుని, పాట మా స్టీరియోకూ, బయటి ఏరియల్‌కూ రెండు వైపులా వెళ్లేలా కలిపాను (చట్టం తెలిసినవాళ్లు ఈ వాక్యం చదవకండి).

మర్నాడు పాల్వంచ దాటి అడవి దారి పట్టేసరికి రేడియోల్లో నా స్టేషన్ తప్ప ఏదీ మిగల్లేదు. ముందు కారులో మీట మీద వేలేసి కూర్చున్నాను. నేను పాట మారిస్తే వెనక కార్లన్నిటిలోనూ మారేది. టీకి ఆగినచోట తలుపులన్నీ తెరిచి, పెళ్లికొడుకును దింపి మరీ ఆడించారు. భద్రాచలంలో ఎదురొచ్చిన వియ్యంకుడు వరసగా అన్ని కార్లలోనూ ఒకే పాట విని నోరెళ్లబెట్టాడు. మామ నా వీపు చరిచి, "మా అల్లుడు చేసిండు!" అన్నాడు. ఆ దెబ్బకు నొప్పి పుట్టినా, ఇంకోటి వేస్తే బాగుండుననిపించింది.

ఆ తర్వాత ఎన్ని కార్లకు వైర్లు కలిపానో. పనిలో చెయ్యీ తిరిగింది, సొంత షాపూ వచ్చింది. కానీ ఆ ముందు సీట్లో, మెడ నిక్కించి, అడవి మొత్తం తన పాటే వింటోందనుకున్న ఆ పిల్లవాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వయ్యాక, కాస్త కుళ్లు కూడా.