కాలువ పక్కన మా ఫీల్డు

పొద్దున్నే రెండు మూటలు రొట్టెలు కట్టేదాన్ని. ఇప్పుడు ఒకటే కడుతున్నాను, మా మరిది దేవన్నకు. మా ఆయన ఆశన్న జ్వరంతో పోయి ఏడాది దాటింది.

ఆశన్న బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలేవాడు. కాలువ గట్టు ఎక్కేటప్పుడు తాను దిగి నడిచేవాడు. ఎడ్లు నీళ్లు తాగనిదే తాను రొట్టె ముట్టేవాడు కాదు. ఒకసారి ఫ్యాక్టరీ ముందు ఒక ఆఫీసరు ఖాళీ జాగా చూపించి, ఎడ్లను ఫీల్డులో విప్పుకొమ్మన్నాడట. అప్పటినుంచి మా కాలువ పక్కన దున్నకుండా వదిలిన బయలు కూడా ఫీల్డు అయింది. దున్నేది పొలం, ఎడ్లను విప్పేది ఫీల్డు. మా ఇంట్లో లెక్క అది.

ఈ ఏడు ఫ్యాక్టరీ మనిషి ఆత్మారాం సైకిల్ మీద వచ్చి, ఫీల్డు మొత్తం చెరుకు పెట్టమని చెప్పి పోయాడు. దేవన్న మర్నాడే నాగలి తీశాడు. బయలు కూడా దున్నుతానన్నాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"మరి ఎడ్లనేడ విప్పుతవ్, నీ నెత్తి మీదనా?"

"ఫ్యాక్టరోళ్లే చెప్పిండ్రు వదినె. నాకేమన్న సంబురమా?"

నాకు తోచింది ఒక్కటే. మా పక్క పొలం చెన్నకేశవరావు గారి దగ్గరికి పోయాను. కోస్తా నుంచి వచ్చిన మనిషి, ఇంగ్లీషు చదివినవాడు. ఫీల్డు అన్న మాటకు అర్థమేమిటని అడిగాను. ఫ్యాక్టరీవాళ్లు చెరుకు మడినే ఫీల్డంటారని, ఆత్మారాం చెప్పింది దాని సంగతేనని అన్నారు. కానీ ఇంగ్లీషువాళ్ల దేశంలో వెనకటికి ఫీల్డంటే చెట్లు లేని బయలేనట. పొలమన్న అర్థం తర్వాత గట్టిపడిందట.

"మీ ఆయనది పాత మాట చెల్లెమ్మా, వాళ్లది కొత్త మాట. రెండూ తప్పు కావు."

వచ్చి దేవన్నకు చెప్పాను.

"ఇంగిలీసు గుడ మా అన్న దిక్కేనా?" అని నాగలిని చెరుకు మడి వైపు తిప్పాడు. పోతూ పోతూ, ఆ బయలులో గడ్డి అన్నా కోసి శుభ్రం చేయమని నాకు పని చెప్పాడు.

కొడవలి తీసుకుని పోయాను. ఎడ్లు మేస్తున్నాయి. గడ్డి మోకాలెత్తు ఉంది. కాసేపు కూర్చుని, కోయకుండానే ఇంటికి వచ్చాను.