డ్రైవరు గారి పూల ప్రయాణం

ముప్పై ఏళ్లు రైలు నడిపి రిటైరైన డ్రైవరు గారు, భార్య పోరు పడలేక, అంతర్జాతీయ పూల ప్రదర్శన చూడటానికి ప్రయాణికుడిగా రైలెక్కారు. కిటికీ పక్కన కూర్చున్నా మెడ ముందుకే సాగేది; సిగ్నలు కనబడితే కుడిచెయ్యి అక్కడ లేని బ్రేకు కోసం తడుముకునేది. ప్రదర్శనలోని ఎనిమిది హాళ్లూ పావుగంటలో చుట్టేసి, ఇంకా మొదటి హాల్లోనే ఉన్న భార్య దగ్గరికి వచ్చి, "అయిపోయింది, పద" అన్నారు.

"ఏం చూశారేమిటి?"

"ఎర్రవీ, పసుపువీ."

ఆమె ఆయన భుజం పట్టుకుని ఒక లిల్లీ మొగ్గ ముందు నిలబెట్టింది. "కాసేపు కదలకండి."

ఆయన విసుక్కుంటూనే నిలబడ్డారు. చాలాసేపటికి ఒక రేకు తనంతట తాను వదులైంది. ఆయన మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగారు. సాయంత్రం ఆమె వచ్చి, "మన రైలుకి టైమైందండీ" అంటే, "ఇంకా నాలుగు రేకులున్నాయే, రేపు వెళదాం" అన్నారు, తల తిప్పకుండానే.