పచ్చగేటు చుట్టరికం

ఆ రోజుల్లో (అంటే మరీ పాతకాలమేమీ కాదు, ఏడెనిమిదేళ్ళ కిందటి మాట) నాకు ఇరవైమూడేళ్ళ వయసు, ఒక డ్రైవింగ్ లైసెన్సు, మూడు జతల బట్టలు ఉండేవి. ఇవి కాక ఒక పెద్ద అపోహ కూడా ఉండేది. ఒంటరితనం ఉన్నచోటే ఉండిపోయేవాళ్ళకి వస్తుందనీ, చక్రాల మీద తిరిగేవాళ్ళ జోలికి రాదనీ గట్టిగా నమ్మేవాణ్ణి. అందుకే హైదరాబాదులో ఒకాయన ఇల్లులాంటి బండ్లు అద్దెకిచ్చే వ్యాపారం మొదలుపెట్టి మనిషి కావాలంటే ఎగిరి గంతేసి చేరిపోయాను. లోపల నాలుగు పడకలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు, మడతబల్ల, చివర బాత్రూమూ. ఇల్లంటూ లేనివాడికి ఇంతకన్నా ఏం కావాలి? చేరేరోజు ఓనరుగారు "ఇంట్లో ఎవరెవరుంటారయ్యా?" అని అడిగితే "అమ్మా నాన్నా ఉంటారండీ" అనేశాను. నిజానికి అమ్మ నా మూడో తరగతిలోనే పోయింది. నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుని రాయగడ వైపు వెళ్ళిపోయాడు. నేను హాస్టళ్ళలో పెరిగాను. ఈ సంగతి చెబితే ఎదుటివాళ్ళు ఒక్క క్షణం జాలిపడి, ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక అవస్థపడతారు. ఆ అవస్థ చూడలేక నేను చిన్నప్పటినుంచీ ఎవరడిగినా అమ్మని బతికించేసేవాణ్ణి.

మూడు నెలలు తిరక్కుండానే ఆ అబద్ధం నా మెడకే చుట్టుకుంది. కొత్త బండికి ప్రకటన వెయ్యాలని ఓనరుగారు నన్ను పిలిచారు. "మీ అమ్మానాన్నల్ని ఎక్కించుకుని కోస్తా వైపు ఓ వారం తిరిగి రా. ఏలూరు, తాడేపల్లిగూడెం చూసుకుని, నరసాపురం దగ్గర సముద్రానికి వెళ్ళి, తిరుగుదారిలో కొల్లేరు. ఫొటోలో ఫ్యామిలీ కనపడాలి, అదీ ముఖ్యం. ఖాళీ బండి చూసి ఎవడు బుక్ చేస్తాడు? సోమవారం పొద్దున్నకి ఫ్యామిలీ ఫొటో లేకపోతే నీ సీట్లో ఇంకొకణ్ణి పెట్టుకుంటా" అన్నారు. నేను "అలాగేనండీ, అమ్మ చాలా సంతోషిస్తుంది" అన్నాను (అప్పట్లో నా నోటికి బ్రేకులుండేవి కావు).

ఏలూరులో ఒక కాలేజీ గోడ పక్కన బండి ఆపాను. పది నిమిషాలు గడిచాయో లేదో, ఒక పెద్దావిడ వచ్చి మెట్టు మీద కూర్చుని "కళ్ళు చూసేది ఇక్కడేనా బాబూ? అద్దాలు కూడా ఇస్తారాండీ?" అంది. ఆవిడ వెనక అప్పటికే నలుగురు వరసలో నిలబడ్డారు. ఇది కళ్ళబండి కాదండీ, ఇల్లండీ అని చెబితే, తల లోపలికి పెట్టి చూసి "ఇల్లయితే ఇంట్లో ఎవరూ లేరేంటండీ?" అని అడిగింది. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్ దగ్గర పెసరట్లు తింటున్న ఒక చక్కని కుటుంబం కనిపించింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. నా ప్రకటనకి అచ్చుగుద్దినట్టు సరిపోతారు. ధైర్యం చేసి వెళ్ళి "ఒక్క ఐదు నిమిషాలు మా బండిలోకొచ్చి కూర్చుంటారాండీ? ఫొటో తీసుకుని వదిలేస్తాను" అన్నాను. ఆ "వదిలేస్తాను" అన్న మాటకేనేమో, ఆయన తింటున్న అట్టు ప్లేటులోనే ఉంచి, పిల్లల చేతులు పట్టుకుని రోడ్డు దాటేశాడు. నరసాపురం దాటి సముద్రం ఒడ్డున నేనే మడతబల్ల వేసి, నాలుగు కంచాలు పెట్టి, ఫోనుకి టైమరు పెట్టి నవ్వుతూ కూర్చున్నాను. ఫొటో చూసుకుంటే ఆబ్దికానికి పిలిచినవాళ్ళెవరూ రాక ఎదురుచూస్తున్నవాడిలా ఉన్నాను. పడుకునేటప్పుడు నాలుగు పడకల్లో రోజుకొకటి మార్చేవాణ్ణి, ఏదీ చిన్నబుచ్చుకోకూడదని. నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ ఆరు రోజులూ నాకు చాలా దిగులుగా ఉండేది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఒక ప్రశ్న. ఆ సీమలో బండి ఎక్కడ ఆపినా, ఎంతో మర్యాదగా, "ఎవరింటికొచ్చారండీ?" అని అడిగేవారు. "ఎవరింటికీ కాదండీ, ఊరికే" అనేవాణ్ణి. "ఊరికేనాండీ?" అని ఒకసారి నన్నూ, ఒకసారి బండినీ చూసేవారు. ఊరికే ఊరు రావడమన్నది వాళ్ళకి తెలియదు. ఊరికొచ్చారంటే ఒక ఇల్లుండాలి, ఆ ఇంట్లో భోజనం ఉండాలి. ఆదివారం మధ్యాహ్నం ఆకివీడు దాటాక, రెండువైపులా చేపల చెరువులున్న ఒక ఊళ్ళో, పచ్చగేటున్న ఇంటి ఎదురుగా నీడ చూసి బండి ఆపాను. మోపెడ్ మీద చేపల మేత బస్తా వేసుకుపోతున్న ఒకాయన ఆగి, తప్పకుండా అదే అడిగాడు. అప్పటికి నాకు ఓపిక అయిపోయింది. "అదుగోనండీ, ఆ పచ్చగేటు వారింటికి" అన్నాను, ఆయన వెళ్ళిపోతాడు కదా అని. వెళితేగా! బస్తాతో సహా దిగి, గేటు కొట్టి, "ఏవండోయ్, మీ చుట్టాలొచ్చారండీ!" అని కేకేసి, తృప్తిగా వెళ్ళిపోయాడు.

గేటు తీసినాయనకి యాభై ఏళ్ళుంటాయి. నన్ను కిందనుంచి పైకి చూశాడు, కనుబొమలు ముడిచాడు, అంతలోనే మొహమంతా నవ్వు చేసుకుని "రావయ్యా రా, ఇదేనా రావడం? ఫోనన్నా చెయ్యకూడదూ?" అన్నాడు. లోపల్నించి వచ్చినావిడ కూడా అచ్చం అలాగే ఒక్క క్షణం తడబడి "ఎంత ఎదిగిపోయావు బాబూ!" అంది. (ఆ సాయంత్రం బయల్దేరేముందు తెలిసిన సంగతేమిటంటే, అంతకు ముందు ఏదో పెళ్ళిలో ఈయన ఆవిడ పుట్టింటివైపు అబ్బాయిని గుర్తుపట్టలేదని ఆవిడ నాలుగు రోజులు మాట్లాడలేదట. ఈయన వైపువాళ్ళకి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదని ఈవిడ మీద ఆడపడుచు ఫిర్యాదుట. దాంతో నేను ఆవిడ తాలూకని ఆయనా, ఆయన తాలూకని ఆవిడా అనుకుని, పైకి అడగలేక, పోటీలుపడి మర్యాదలు చెయ్యడం మొదలుపెట్టారు.) నేను నోరు తెరిచేలోపు కాళ్ళకి నీళ్ళు, చేతికి తువ్వాలు, ముందు కంచం వచ్చేశాయి. "అబ్బాయికి ఇంకో ముక్క వెయ్యవే" అని బాబాయిగారు, "మీరు చెప్పాలా నాకు?" అని పిన్నిగారు (నేను అప్పటికే వరసలు కలిపేశాను). కొరమీను పులుసు మూడుసార్లు వేశారు. చెప్పేద్దామని ప్రతి ముద్దకీ అనుకున్నాను. ప్రతి ముద్దా అడ్డం వచ్చింది.

భోజనాలయ్యాక బండి చూస్తామన్నారు. ఇద్దరూ లోపలికెక్కి పొయ్యి వెలిగించి చూశారు, పడకలు నొక్కి చూశారు. బల్ల దగ్గర చెరోపక్కా కూర్చున్నారు. నేను టీ కాచి పోసి, ఫోనుకి టైమరు పెట్టి మధ్యలో కూర్చున్నాను. సరిగ్గా ఫొటో పడే సమయానికి పిన్నిగారు చెయ్యి చాచి నా కాలరు సర్దింది. ఫొటో అద్భుతంగా వచ్చింది. నా ఉద్యోగం నిలబడిపోయింది. ఇక మెల్లిగా బయల్దేరితే చాలు. అప్పుడావిడ టీ గ్లాసు కింద పెడుతూ, మాటవరసకి, "అమ్మెలా ఉంది బాబూ?" అంది.

బాగుందండీ అంటే సరిపోయేది. పదిహేనేళ్ళుగా నాకు అలవాటైన మాటే. ఎందుకో రాలేదు. "అమ్మ లేదండీ. నా మూడో తరగతిలోనే పోయింది" అన్నాను. పిన్నిగారు చీరకొంగు నోటికి అడ్డంపెట్టుకుని "అయ్యో, అయ్యో తల్లీ!" అని బావురుమంది. "ఇంత పసివాణ్ణి వదిలేసి పోయిందా! చూశారా, ఇన్నేళ్ళయినా మీవాళ్ళు మనకి కబురన్నా చేశారా?" అని మొగుడి మీదకి తిరిగింది. "మావాళ్ళేంటి? మీవాళ్ళు కదా?" అన్నాడాయన. ఇద్దరూ నావైపు తిరిగారు.

చెప్పేశాను. గేటు సంగతి, ఫొటో సంగతి, ఉద్యోగం సంగతి అన్నీ చెప్పి, "నేను మీ ఎవరివైపు వాణ్ణీ కాదండీ. ఫొటో ఇప్పుడే తీసేస్తాను" అని ఫోను చేతిలోకి తీసుకున్నాను. బాబాయిగారి మొహం ఎర్రబడింది. "సాయంత్రం మా బావమరిది వస్తాడని ఉంచిన కొరమీనయ్యా అది!" అన్నాడు. ఆయనకి ముందు గుర్తొచ్చింది అదే. పిన్నిగారు ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. "పోనిద్దురూ, ఏడ్చేశానుగా ఇప్పుడు" అంది. తర్వాత నావైపు చూసి "ఉండనీ బాబూ ఫొటో, నీ ఉద్యోగానికి అక్కరకొస్తుంది" అంది. ఆయన తన టీ గ్లాసు ఖాళీ చేసి, చివరికి "పులుసు కుదిరిందా?" అని అడిగాడు. కుదిరిందండీ అన్నాను.

వాళ్ళ దగ్గర సెలవు తీసుకుని బయల్దేరి, ముదినేపల్లి దగ్గర వరిచేల పక్కన బండి ఆపి, బల్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. మా అమ్మ కోసం నేను కాక ఇంకొకరు ఏడవగా చూడటం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. వాళ్ళ ఫోను నంబరు తీసుకోలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. (వెనక్కి వెళ్ళలేదు. ఆ తర్వాత ఆ దారిన రెండుమూడుసార్లు వెళ్ళాను గానీ, ఎవరింటికని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియక ఆ ఊళ్ళో ఆగలేదు. ఇప్పుడు అనుకుంటే, ఎంత తెలివితక్కువవాణ్ణో!)

సోమవారం పొద్దున్న ఓనరుగారు ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూశారు. ఆయన ఫోను తిరిగిస్తూ, "నీకు అంతా మీ అమ్మగారి పోలికేనయ్యా" అన్నారు.

"అవునండీ, అందరూ అదే అంటారు" అన్నాను. అది అబద్ధమని అప్పుడు నాకు తట్టనైనా లేదు.